తెర నల్లబడిన లాప్‌టాపు

గత వర్షాకాలమున ఒకరాత్రి మా ఇంట లాప్‌టాపు పని చేయుచు చేయుచు హఠాత్తుగా నిలిచిపోయెను. మరల మీట నొక్కగా పంకా తిరుగు చప్పుడు వినవచ్చెను గాని తెర మాత్రము కాటుకవలె నల్లగా ఉండెను. మా అమ్మాయి మూడు నెలలు శ్రమించి వ్రాసిన ప్రాజెక్టు నివేదిక అందే యున్నది. రెండవ ప్రతి లేదు. మరునాడు ఒక దుకాణమునకు కొనిపోతిమి. అచటి పనివాడు చూచీ చూడకముందే, "ఫార్మాటు కొట్టాలండి" అనెను. అనగా లోపలి వ్రాతలన్నియు తుడిచి, యంత్రమును క్రొత్తగా మొదలుపెట్టుట. వలదని ఇంటికి తెచ్చుకొంటిమి.

తెర నల్లబడుట వేరు, వ్రాతలు పోవుట వేరు. వెనుకటి వాల్వు రేడియో మూగవోయినప్పుడు మన పెద్దలు మొదట డయలు దీపము వెలుగుచున్నదా యని చూచెడివారు. దీపమున్నచో కరెంటు వచ్చుచున్నట్లే. లోపము మరెక్కడనో వెదకవలెను. ఇచటను అదే విచారణ. తప్పు విద్యుత్తులోనా, తెరలోనా, యంత్రమును నడుపు ప్రోగ్రాములోనా?

మొదట ప్రాణమున్నదో లేదో చూడవలెను. కీబోర్డుపై క్యాప్స్ లాక్ మీటను నొక్కగా దాని చిన్నదీపము వెలిగి, మరల నొక్కగా ఆరినచో లోపలి మెదడు పని చేయుచున్నదన్నమాట. ఏ చలనమును లేనిచో ఛార్జరును ఊడదీసి, పవరు మీటను 30 సెకండ్లు నొక్కి పట్టవలెను. లోపల నిలిచిన విద్యుత్తు పోయిన పిమ్మట ఛార్జరు తగిలించి చూడుడు. పెక్కుసార్లు ఇంతతోనే లేచి కూర్చుండును.

ప్రాణముండియు బొమ్మ రానిచో, గది చీకటి చేసి టార్చిలైటును తెరపై ఏటవాలుగా వేయుడు. అక్షరములు మసకగా కనబడినచో తెర వెనుకటి దీపము మాత్రమే పోయినది. అప్పుడు హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో ఇంటి టెలివిజనుకు కలిపినచో బొమ్మ అందు రావచ్చును. వచ్చినచో ఆలసింపక వ్రాతలను పెన్‌డ్రైవులోనికి తీసికొనవలెను.

నల్లని తెరపై బాణపు గుర్తు మాత్రము కదలుచున్నచో యంత్రము లేచినది, ప్రోగ్రాము తడబడినది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను ఒక్కసారి నొక్కినచో తెరను నడుపు భాగము మరల మొదలగును. అదియు ఫలింపనిచో, యంత్రము లేచుచుండగనే పవరు మీటను నొక్కిపట్టి ఆర్పుట రెండు మూడుసార్లు చేసినచో, విండోస్ తానే మరమ్మతు పట్టికను చూపును. అందలి సేఫ్ మోడ్ అనునది అత్యవసరమైన భాగములతో మాత్రమే యంత్రమును లేపు మార్గము. ఇచట బిట్‌లాకర్ అను తాళము 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. తమ యంత్రమునకు అట్టి తాళమున్నదనియే ఎరుగనివారు కలరు. యంత్రము బాగున్న దినములలోనే మైక్రోసాఫ్ట్ ఖాతా తెరచి ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి యుంచుకొనవలెను.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత బోర్డింగు పాసులిచ్చిరి. అప్పటి వైద్యమును ఇదియే: సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ ఫైలును తీసివేయుట. ఆనాటి తెర నీలము. 2025 నుండి విండోస్ 11లో ఆ తెరయే నల్లనైనది. కావున నల్లతెరపై అక్షరములున్నచో మరే మీటయు నొక్కకముందే వానిని వ్రాసికొనుడు.

మా యంత్రమున క్యాప్స్ లాక్ దీపము వెలుగలేదు. టార్చికిని ఏమియు కనబడలేదు. మా ఇల్లు సముద్రమునకు చేరువ. విశాఖ గాలిలోని ఉప్పుతేమ కిటికీ ఊచలనే తినివేయును. లోపలి సన్నని లోహపు అంచులను విడుచునా? రేవు చుట్టుపట్ల నుండువారికి ధూళి మరియొక బాధ: పంకా దారులు పూడి, యంత్రము వేడెక్కి ఆగిపోవును. పరిచయస్థుడైన మరియొక మెకానిక్కు వెనుక మూత విప్పి, మెమరీ పలకను ఊడదీసి, దాని అంచులను పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి మరల బిగించెను. తెర వెలిగెను. ఇది తెలియనివారు చేయదగిన పని కాదు. అందును బ్యాటరీ ఉబ్బియున్నచో మూత ముట్టరాదు, ఛార్జరు తగిలింపరాదు. అట్టివారు దుకాణమున అడుగవలసినది ఒక్కటి: "ముందుగా డిస్కులోని వ్రాతలను వేరొక దానిలోనికి ఎక్కించి ఇవ్వగలరా?" అని. మా అమ్మాయి నివేదిక నాటి సాయంకాలమే కళాశాలకు చేరినది.