ఇంటి కంప్యూటరులో అక్కరలేని ఖాతాల తొలగింపు

నేడు గ్రామములలో సైతము కంప్యూటరు గల గృహములు అనేకము కలవు. ఒకే యంత్రమును తండ్రి లెక్కలకును, పిల్లలు చదువునకును, సెలవులకు వచ్చిన బంధువులు వినోదమునకును వాడుట పరిపాటి. ఎవరి ఖాతా వారికి ఉండుట మంచిదే. కాని కుమార్తె అత్తవారింటికి వెళ్ళిన పిమ్మటను, కుమారుడు పట్నములో ఉద్యోగమున చేరిన పిమ్మటను వారి ఖాతాలు యంత్రములో అట్లే నిలిచియుండును. బాగుచేయ వచ్చినవారు తమ సౌకర్యార్థము తెరచిన ఖాతా కూడ ఒక్కొక్కప్పుడు మిగిలిపోవును.

ఇందువలన రెండు నష్టములు కలవు. మొదటిది, వాడుకలో లేని ఫైళ్ళు స్థలమును ఆక్రమించును. రెండవది మరింత ముఖ్యమైనది. అట్టి ఖాతాకు 'అడ్మినిస్ట్రేటర్' అధికారమున్నచో, దాని పాస్‌వర్డు ఎరిగినవారు ఆ యంత్రము చేజిక్కినప్పుడు ఇతరుల ఫైళ్ళను సైతము తెరువగలరు.

ఖాతా వేరు, ప్రొఫైలు వేరు. ఖాతా యనగా యంత్రములో ప్రవేశించుటకు ఒక వ్యక్తికి గల హక్కు. ప్రొఫైలు యనగా అతని ఫోటోలు, పత్రములు, అమరికలు ఉండు గది వంటిది. విండోస్ యంత్రములలో ఈ గదులు సాధారణముగా 'సి' డ్రైవునందలి 'యూజర్స్' ఫోల్డరులో ఉండును. ఆ ఫోల్డరును చేతితో తుడిచివేసిన చాలునని పలువురు భావింతురు. ఇది పొరపాటు. గ్రామములో ఇల్లు పడగొట్టినంత మాత్రమున ఇంటిపన్ను రిజిస్టరులోని పద్దు పోదని పంచాయతీ సభ్యులు ఎరుగుదురు. అట్లే ఫోల్డరు పోయినను విండోస్ తన 'రిజిస్ట్రీ' యందు ఆ పద్దును ఉంచుకొనును. ఆ ఖాతాదారు మరల ప్రవేశించినచో తాత్కాలికమగు ప్రొఫైలు లభింపవచ్చును. అందు దాచినది అతడు వెలుపలికి రాగానే పోవును.

కావున తొలగింపు క్రమపద్ధతిని జరుగవలెను.

1. ముందుగా ఖాతాదారుని అడుగవలెను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలోని ఫైళ్ళను పెన్‌డ్రైవులోనికి కాపీ చేసి, అవి తెరుచుకొనుచున్నవో లేదో మరియొక యంత్రములో చూడవలెను. పెండ్లి ఫోటోలు, కీర్తిశేషులైన పెద్దల చిత్రములు ఒక్క ఖాతాలోనే ఉండుట కద్దు.

2. తొలగింపదలచిన ఖాతానుండి పూర్తిగా వెలుపలికి వచ్చి, అడ్మినిస్ట్రేటర్ అధికారము గల వేరొక ఖాతాతో ప్రవేశింపవలెను.

3. 'సెట్టింగ్స్'లో 'అకౌంట్స్' తెరచి, 'అదర్ యూజర్స్' అను శీర్షికకు పోవలెను. విండోస్ 10లో దీని పేరు 'ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్'. అచట ఖాతాను ఎన్నుకొని 'రిమూవ్' నొక్కి, తరువాత 'డిలీట్ అకౌంట్ అండ్ డేటా' నొక్కవలెను. ఖాతాయు, దాని ఫైళ్ళును కూడ పోవును.

ఖాతా ఎన్నడో పోయి ప్రొఫైలు మాత్రము మిగిలియున్నచో, విండోస్ మీటను, 'ఆర్' మీటను కలిపి నొక్కి 'sysdm.cpl' అను ఆజ్ఞ నిచ్చి 'అడ్వాన్స్‌డ్' పుటకు చేరవచ్చును. అచట 'యూజర్ ప్రొఫైల్స్' క్రింద 'సెట్టింగ్స్' నొక్కినచో ప్రొఫైళ్ళ పట్టిక కనిపించును. యజమాని లేని ప్రొఫైలు 'అకౌంట్ అన్‌నోన్' అని యుండును. దానిని ఎన్నుకొని 'డిలీట్' నొక్కినచో ఫోల్డరుతోపాటు రిజిస్ట్రీలోని పద్దు కూడ తొలగును.

'డిఫాల్ట్', 'పబ్లిక్' అను ఫోల్డర్లు విండోస్ స్వంతములు. వానిని ముట్టరాదు. పాస్‌వర్డు తెలిసిన అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి ఇంట ఎల్లప్పుడును ఉండవలెను.

తొలగించిన పిదప అదే పేరుతో క్రొత్త ఖాతా తెరచినను పాతది తిరిగిరాదు. విండోస్ మనుష్యులను పేరునుబట్టి గాక, ప్రతి ఖాతాకు ప్రత్యేకముగా ఇచ్చిన సంఖ్యనుబట్టి గుర్తించును. క్రొత్త ఖాతాకు క్రొత్త సంఖ్య వచ్చును. ఇక ఇంటర్నెట్టులోని మైక్రోసాఫ్ట్ ఖాతా ఇందువలన రద్దు కాదు. అది ఈ యంత్రమునుండి మాత్రమే తొలగును.

పంచాయతీ సభ్యులు ముందుగా తమ ఇంటి యంత్రమును పరీక్షించి, పిదప ఇరుగుపొరుగువారికి ఈ క్రమమును తెలుపుదురుగాక. తుడిచివేయుట క్షణములో పని. దాచవలసినది దాచిన పిమ్మటనే ఆ పనికి పూనుకొనవలెను.