మింగిందాన్ని కక్కించాలి

బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఏ వాయువు ఎంతుందో చూడ్డం జంషెడ్‌పూర్‌లో ఒకప్పుడు నా ఉద్యోగం. అప్పట్లో మా ల్యాబ్‌లో ఆర్శాట్ అనే గాజు పరికరం ఉండేది. వంద మిల్లీలీటర్ల గ్యాసును బ్యూరెట్‌లోకి లాగి, కాస్టిక్ పొటాష్ ద్రావణంలోకి రెండు మూడుసార్లు నెట్టి మళ్లీ వెనక్కి తీసుకునేవాళ్లం. బ్యూరెట్‌లో నీటిమట్టం పైకి లేచేది. అలా తగ్గిన ఇరవై చిల్లర మిల్లీలీటర్లే కార్బన్ డయాక్సైడ్. ఆ అంకె పుస్తకంలో ఎక్కించి తర్వాతి పరీక్షకు వెళ్లిపోయేవాళ్లం. పొటాష్ శక్తి అయిపోతే పారబోసి కొత్తది పోసేవాళ్లం.

2021 సెప్టెంబరులో టాటా స్టీల్ ఇదే ఊళ్లో, ఇదే రకం గ్యాసు నుంచి రోజుకు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంటు మొదలుపెట్టింది. మన దేశపు ఉక్కు కంపెనీల్లో బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసు నుంచి ఇలా పట్టడం ఇదే మొదటిసారి. పరిజ్ఞానం కార్బన్ క్లీన్ సంస్థది. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అనిరుద్ధ శర్మ, ప్రతీక్ బుంబ్ 2009లో దాన్ని స్థాపించారు.

అందులో పని మా బ్యూరెట్‌లో జరిగిందే. పొడవాటి టవరులో గ్యాసు కిందినుంచి పైకి పోతుంటే, పైనుంచి అమీన్ ద్రావణం జారుతూ కార్బన్ డయాక్సైడ్‌ను మింగుతుంది. తేడా అంతా ఆ తర్వాత ఉంది. మా పొటాష్ మింగింది కక్కేది కాదు. అమీన్‌ను ఇంకో టవరులో నూరు, నూట ఇరవై డిగ్రీల దాకా వేడిచేస్తే మింగింది వదిలేసి, చల్లారి, మళ్లీ పనిలోకి వస్తుంది. వదిలిన వాయువును ఫ్యాక్టరీలోనే వాడుకుంటారు. మిగిలిన గ్యాసులో మండే కార్బన్ మోనాక్సైడ్ పాలు పెరుగుతుంది కాబట్టి, అది మునుపటికన్నా బాగా మండే ఇంధనమై గ్యాసు లైన్లోకి తిరిగొస్తుంది.

ఖర్చంతా ఆ కక్కించే వేడిలోనే ఉంది. ఆ వేడికోసం మళ్లీ బొగ్గే కాలిస్తే చేసిన పుణ్యం సగం అక్కడే హరించుకుపోతుంది. పైగా అసలు గ్యాసులోని దుమ్మూ గంధకమూ అమీన్‌ను మెల్లగా పాడుచేస్తాయి. సిలిండర్లో తెచ్చిన శుభ్రమైన గ్యాసుతో ల్యాబ్‌లో చేసే పరీక్షకు ఈ బాధ తెలియదు. అందుకే అమెరికాలో అలబామా రాష్ట్రం విల్సన్‌విల్‌లోనూ, నార్వేలో మాంగ్‌స్టాడ్‌లోనూ ప్రత్యేక పరీక్షా కేంద్రాలు పెట్టారు. ఎవరి ద్రావణమైనా సరే, అక్కడికి తెచ్చి నిజమైన పొగమీద నడిపి చూసుకోవచ్చు.

ఇక 5 టన్నులంటే ఎంత? బ్లాస్ట్ ఫర్నేసు దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అంటే రోజంతా పట్టింది రెండు టన్నుల ఉక్కు లెక్కకు సరి. జంషెడ్‌పూర్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి కోటి టన్నుల పైమాట. ఈ ప్లాంటును చూసి ఊరి గాలి బాగుపడిందంటే నవ్వుతారు. అలాగని తీసిపారేయనూ కూడదు. ఎంత వేడి కావాలి, ద్రావణం ఎన్నాళ్లు మన్నుతుంది అన్న లెక్కలు ఈ చిన్న ప్లాంటే చెప్పాలి.

ఉక్కుకు ఈ తిప్పలు తప్పవు. బొగ్గునుంచి చేసే కోక్, కొలిమిలో వేడినివ్వడమే కాదు, ఖనిజంలోని ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. కరెంటంతా సౌరవిద్యుత్తే అయినా ఆ పని మిగిలే ఉంటుంది. కోక్‌కు బదులు కొంత హైడ్రోజన్ సరిపోతుందా అని 2023 ఏప్రిల్‌లో ఇక్కడి ‘ఇ’ బ్లాస్ట్ ఫర్నేసులోకి పంపి చూశారు.

ఇలాంటి ప్లాంటు వార్త ఈసారి కనిపిస్తే, ఎన్ని టన్నులు పట్టారన్న దగ్గర ఆగకండి. కక్కించడానికి వేడి ఎక్కడినుంచి తెచ్చారు, కక్కించిందాన్ని ఎక్కడ పెట్టారు? ఈ రెంటికీ జవాబుంటేనే దాన్ని పెద్దది చేయాలనే మాట ఎత్తాలి.