తొలిదశలో తెలియరాని వ్యాధి

బిలాస్‌పూర్‌ను ఆనుకొనియున్న ఉస్లాపూర్ వంటి రైల్వే ఊళ్ళలో చిరకాలము బీడీ, సిగరెట్టు కాల్చినవారు ఒక విషయము నెరుగవలెను. ఊపిరితిత్తుల కాన్సరు తొలిదశలో నొప్పియు దగ్గును లేకయే పెరుగవచ్చును.

2011లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనయందు, అధికముగా పొగత్రాగిన 53,454 మందిలో, ఛాతి ఎక్స్‌రే తీయించుకొన్నవారికంటె తక్కువ మోతాదు సి.టి. పరీక్ష పొందినవారికి ఈ వ్యాధి మరణములు 20 శాతము తగ్గెను. మన జాతీయ కార్యక్రమమున నోటి, రొమ్ము, గర్భాశయ ముఖ కాన్సరుల పరీక్షలు కలవు. ఇది ఇంకను చేరలేదు.

కావున 50 ఏండ్లు దాటి, దినమునకొక పెట్టె చొప్పున 20 ఏండ్లు కాల్చినవారు, ఆరోగ్యముగ నున్నను, బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో గాని తమ వైద్యుని వద్ద గాని సలహా పొందవలెను. చిత్రమున కనబడు ప్రతి మచ్చయు కాన్సరు కాదు; మానిన క్షయ మిగిల్చిన గుర్తు కావచ్చును. కఫమున రక్తము పడినను, దగ్గు వీడకున్నను జాగు చేయరాదు. పరీక్ష చేయించుకొన్నవారును పొగ మానవలెను. అదియే అన్నిటికంటె మేలైన రక్షణ.