దీపం ఎత్తు చూసుకున్నారా?

కారు నేర్పేవాళ్లు క్లచ్చు గురించి చెబుతారు, గేర్ల గురించి చెబుతారు, రివర్సు దగ్గర మనల్ని ఏడిపించినంత పని చేస్తారు. కానీ చాలా కార్లలో స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అంకెలతో ఓ బుల్లి చక్రం ఉంటుంది చూశారా... దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నా స్నేహితురాలు ఒకామె ఆరేళ్లుగా కారు నడుపుతోంది. ‘అది ఏసీకి సంబంధించిందేమో అనుకున్నానే’ అంది మొన్న!

అది హెడ్‌లైట్ల వెలుగును కిందకి దించే మీట. చూడటానికి చిన్నదే. కానీ రాత్రిపూట ఎదురుగా స్కూటరు మీద వస్తున్న ఓ అమ్మాయికి దారి కనబడటం, కనబడకపోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

‘డిమ్’లోనే ఉంది కదా!

పోయిన సంక్రాంతికి అమలాపురం వెళ్లి రాజమండ్రికి తిరిగొస్తున్నాం. మావారు నడుపుతున్నారు. వెనక సీట్లో మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పిండివంటల డబ్బాలు. చీకటి పడింది. ఎదురొచ్చే ప్రతి బండీ మా మీద టపటపా లైట్లు కొడుతోంది. ‘డిమ్‌లోనే ఉంది కదా, వీళ్లకేం వచ్చింది?’ అని ఆయన విసుగు. ‘ఆ చక్రం రెండుకి తిప్పండి’ అన్నాను. తిప్పారు. చెట్ల కొమ్మల్లో ఉన్న వెలుగు రోడ్డు మీదకి దిగింది. ఎదుటివాళ్లు లైట్లు కొట్టడం ఆగిపోయింది. ‘ఇంత చిన్న మీటకా ఇంత గొడవ!’ అన్నారు మా అత్తగారు.

ఆ గొడవ ఎందుకో కాస్త లెక్క చూద్దాం. మామూలుగా డిమ్ లైటు వెలుగు మీటరుకి ఓ సెంటీమీటరు చొప్పున కిందకి దిగేలా ఉండాలి. దీపం నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వెలుగు అంచు 65 మీటర్ల దూరాన రోడ్డును తాకుతుంది. చిన్న కార్లలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం సుమారు 240 సెంటీమీటర్లు. బరువుకి వెనక భాగం అయిదు సెంటీమీటర్లు కుంగిందనుకోండి, కారు ముక్కు మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తుంది. అంటే మీటరుకి ఒకటి దిగాల్సిన వెలుగు, ఒకటి ఎక్కుతుంది! 50 మీటర్ల దూరంలో దాని ఎత్తు 115 సెంటీమీటర్లు. ఎదురు కారు నడిపేవాళ్ల కళ్లు దాదాపు అక్కడే ఉంటాయి.

కళ్లలో వెలుగు పడ్డాక చూపు తిరిగి సర్దుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. శుక్లాలు మొదలైన కళ్లకైతే ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టే. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. గోదావరి జిల్లాల కాలవగట్టు రోడ్లు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రెండు సెకన్లు కళ్లు చెదిరితే పక్కనున్నది నీళ్లే.

చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడిపక్కన, నేలకి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు.

ఏ అంకె ఎప్పుడు?

చాలా కార్లలో లెక్క ఇలా ఉంటుంది. ముందు సీట్లలో ఒకరో ఇద్దరో ఉంటే 0. సీట్లన్నీ నిండితే 1. సీట్లతోపాటు డిక్కీ కూడా నిండితే 2. నడిపేవాళ్లొక్కరే ఉండి, వెనకంతా సామానే అయితే 3. అంకె పెరిగేకొద్దీ వెలుగు దిగుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో మీ బండి లెక్క ఉంటుంది, ఓసారి తిరగెయ్యండి. కొన్ని కార్లలో వెలుగు బరువునిబట్టి దానంతటదే సర్దుకుంటుంది. వాటికి ఈ చక్రం ఉండదు.

చుట్టాల్ని దింపేశాక చక్రాన్ని మళ్లీ 0కి తేవాలి సుమా! వెలుగు మరీ దిగితే మనకే ప్రమాదం. మీటరుకి రెండు సెంటీమీటర్లు దిగిందంటే 65 మీటర్లు కనబడాల్సింది 32 మీటర్లే అవుతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే అందులో సగం అయిపోతుంది.

గోడ మీద పరీక్ష

చక్రం 0లో ఉన్నా, బరువు లేకపోయినా ఎదుటివాళ్లు లైట్లు కొడుతున్నారంటే అసలు అమరికే తప్పిందన్నమాట. అది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కావాల్సినవి చదునైన నేల, ఓ గోడ, సుద్దముక్క, కుట్టుమిషను దగ్గరి టేపు.

టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. చక్రం 0లో పెట్టండి. కారును గోడకి దగ్గరగా తెచ్చి, రెండు దీపాల నడిబొడ్డు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టండి. తర్వాత తిన్నగా అయిదు మీటర్లు వెనక్కి పోనివ్వండి. చీర పొడవుకి ఓ అర మీటరు తక్కువన్నమాట. చీకటి పడ్డాక డిమ్ లైటు వేసి, ఒక దీపానికి అట్టముక్క అడ్డంపెట్టి రెండోదాన్ని చూడండి. వెలుగు పై అంచు గుర్తుకి అయిదు సెంటీమీటర్లు కింద ఉండాలి. దీపం దగ్గర 1.2% అని అచ్చువేసి ఉంటే ఆరు సెంటీమీటర్లు.

ఎడమవైపు అంచు కాస్త పైకి లేచి కనబడితే కంగారుపడకండి. మనది ఎడమపక్క నడిపే దేశం. రోడ్డు వారన నడిచేవాళ్లూ, సైకిళ్లవాళ్లూ కనబడాలని దాన్ని అలాగే తయారుచేస్తారు. కుడివైపు అంచు మాత్రం తిన్నగా ఉండాలి.

మెకానిక్కుని ఇలా అడగండి

తేడా ఉంటే బానెట్ ఎత్తి చూడండి. దీపం వెనక మామూలుగా రెండు మరలుంటాయి. ఒకటి పైకీ కిందకీ, రెండోది పక్కలకీ జరపడానికి. చెయ్యి తిరిగితే మీరే కొద్దికొద్దిగా తిప్పుకోవచ్చు. లేదంటే మెకానిక్కుని ‘ఫోకస్ సెట్ చెయ్యండి’ అనండి, అర్థమవుతుంది. ‘దూరం బాగా కనబడుతుందమ్మా’ అని ఓ మెకానిక్ మా కారు లైట్లు పైకెత్తి పంపించాడు. వీధి మలుపులో ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కనిపించాయి కానీ రోడ్డు మీది గుంట కనబడలేదు. మర్నాడే వెళ్లి గోడ మీద పట్టి చూపించమన్నాను. మీరూ మొహమాటపడకండి.

బల్బు మార్చాక కూడా ఈ పరీక్ష తప్పనిసరి. బల్బు దాని గాడిలో సరిగ్గా కూర్చోకపోతే వెలుగు చెదురుతుంది. మామూలు హాలోజెన్ దీపంలో చవక ఎల్ఈడీ బల్బు బిగించినా అంతే. అద్దం హాలోజెన్ కోసం తయారైంది కనుక, కొత్త బల్బు వెలుగు ఎటుపడితే అటు పోతుంది. తెల్లగా ధగధగలాడినంత మాత్రాన దారి బాగా కనబడుతున్నట్టు కాదు.

ఈ వారంలోనే ఓ సాయంత్రం చూసుకుని గోడ దగ్గరకి కారు పట్టండి. అరగంట పని. డ్యూటీ దిగి స్కూటరు మీద ఇంటికెళ్లే నర్సో, ట్యూషన్ నుంచి పిల్లాణ్ని తెచ్చుకుంటున్న తల్లో ఎదురొస్తే వాళ్ల కళ్లకి మీ దీపం అడ్డుపడదు.