అరకు రైలు దారి ఎవరి కోసం వేశారు?

చలికాలం వస్తే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో రాత్రి బస్సెక్కి విశాఖ వెళ్లి, మర్నాడు అరకు రైలెక్కే కుటుంబాలు ఎన్నో. ఆ సొరంగాలు, లోయలు చూస్తే పర్యాటకుల కోసమే పట్టాలు పరిచారనిపిస్తుంది. కానీ ఆ దారి పుట్టింది జపాన్ ఉక్కు కొలుముల కోసం.

యుద్ధంలో చితికిన జపాన్ ఉక్కు పరిశ్రమతో మళ్లీ లేస్తున్న కాలమది. అక్కడ ఇనుప ఖనిజం బహు తక్కువ. బస్తర్‌లోని బైలదిలా కొండల్లో మేలిరకం హెమటైట్ ఉంది, సముద్రానికి చేర్చే దారే లేదు. జపాన్‌తో 1960లో కుదిరిన ఒప్పందంలో బైలదిలా వాటా ఏడాదికి 40 లక్షల టన్నులు. అందుకోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ లైను 1960ల చివరికి సిద్ధమైంది. భారీ ఖనిజ నౌకల కోసం విశాఖలో ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది.

అసలు చిక్కు తూర్పు కనుమలతోనే. ఈ దారిలోని శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి ఘాట్ వాలు 60కి ఒకటి, అంటే 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు. రోడ్డు మీద ఇది లెక్కలోకే రాదు. నున్నటి ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఇది గట్టి పరీక్ష. చదును నేల మీద టన్ను బరువును లాగడానికి రెండు మూడు కిలోల బలం చాలు. ఈ వాలులో దానికి మరో 17 కిలోలు తోడవుతాయి. అంతకన్నా నిటారుగా వెళ్లకూడదనే కొండ చుట్టూ అన్ని వంపులు, మార్గం పొడవునా 58 సొరంగాలు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దిగుడు. నిండు వ్యాగన్లు శిమిలిగుడ దాటాక సముద్రం వైపు దిగాలి. వెయ్యి టన్నుల బరువు వెయ్యి మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 2,700 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఎల్బీనగర్ ఇంటికి అది ఏడాది కరెంటు. ఆ శక్తంతా బ్రేకు దిమ్మల మీదే పడితే అవి కాలిపోతాయి. అందుకే దిగేటప్పుడు ఇంజిన్ మోటార్లను జనరేటర్లుగా తిప్పుతారు. చక్రాల వేగమే కరెంటుగా మారి, బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. పాత ఇంజిన్లలో ఆ కరెంటు రెసిస్టర్లలో వేడిగా మారి గాలిలో కలిసేది. ఇప్పటి త్రీ-ఫేజ్ ఇంజిన్లు దాన్ని పైతీగకే తిరిగిస్తాయి, ఎదురుగా ఎక్కే బండికి పనికొస్తుంది.

1980ల తొలినాళ్లలోనే ఈ లైనుకు విద్యుత్తు వచ్చింది. ఆ దశకం చివర్లో 6,000 హార్స్‌పవర్ హిటాచీ ఇంజిన్లు విశాఖ షెడ్డుకు చేరాయి. ఖనిజం కొన్న జపానే ఖనిజం మోసే యంత్రాలనూ పంపింది.

పర్యాటకుల కోసం అద్దాల పైకప్పు విస్టాడోమ్ పెట్టె వచ్చింది 2017లోనే. బైలదిలా ఖనిజం నేడు విశాఖ ఉక్కు కర్మాగారానికీ వెళ్తోంది. ఒంటి పట్టా చాలక, రెండో లైను కోసం ఆ కొండల్లోనే కొత్త సొరంగాలు తవ్వుతున్నారు.