రంది మీ ఒక్కరిదే కాదు, కంపెనీది కూడా

కాలు విరిగితే ఫోర్‌మన్ దవాఖానకు పంపిస్తాడు. నాలుగు రాత్రులుగా నిద్ర పడతలేదంటే మాత్రం "ఇంటి మీద బెంగ, పనిలో పడితే అదే పోతది" అంటాడు. క్యాంపులో తోటివాళ్ల మాట కూడా ఇంచుమించు అంతే.

ఆ నిద్ర ఎందుకు పోయిందో ఒకసారి చూడండి. రెండు నెలల నుంచి జీతం పడలేదు, ఊర్లో ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఆగదు. డే షిఫ్టు, నైట్ షిఫ్టు వాళ్లను ఒకే రూములో పెట్టారు, లైటు ఆరదు. తండ్రి పోతే లీవు ఇవ్వలేదు, అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూడాల్సి వచ్చింది. ఇందులో మీ మనసు బలహీనత ఏముంది? జీతం, రూము, లీవు మూడూ కంపెనీ చేతిలో ఉన్నవే. వాటిని సరిచేయకుండా, ఏడాదికోసారి హెల్త్ క్యాంపు పెట్టి ఫొటో దిగితే సరిపోదు.

సాయం చేస్తే కంపెనీకీ లాభమే. డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో చెప్పాయి. అంత పెద్ద లెక్క ఎందుకు, నిద్రలేని మనిషి ఎత్తు మీదికి ఎక్కి బెల్టు హుక్కు తగిలించడం మరిచిపోతే చాలు, ఒక ప్రాణం పోతుంది, సైటు ఆగుతుంది.

యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం, 14వ ఆర్టికల్ ప్రకారం యజమాని గానీ, పైఅధికారి గానీ, తోటి పనివాళ్లు గానీ మిమ్మల్ని మాటలతో, చేతలతో, మానసికంగా హింసించకూడదు. పాస్‌పోర్టు గుంజుకొని పెట్టుకోవడం కూడా నేరమే. ఇళ్లలో పనిచేసే వాళ్లకు వేరే చట్టం ఉంది. బూతులు తిట్టించుకోవడం గల్ఫ్‌లో మామూలే అని చాలామంది అనుకుంటారు గానీ, చట్టం అట్ల అనడం లేదు.

క్యాంపు బాసుతో "మనసు బాగలేదు" అంటే నవ్వొచ్చు. "మూడు రోజులుగా నిద్ర లేదు, ఎత్తు మీద పని చేస్తే పడిపోతానని భయంగా ఉంది, డాక్టరుకు చూపించండి" అని సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పెట్టండి. రాసి పెట్టిన మాటను తర్వాత కాదనడం కష్టం. అయినా పట్టించుకోకపోతే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 మీద చేయండి, పైసలు పడవు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లూ, ఫోన్ రాగానే పైసల మాట ఎత్తకండి, నిద్ర పడుతుందా అని ముందు అడగండి. మాటలు తగ్గినా, "నేను లేకున్నా మీరు బాగుంటరు" లాంటి మాట వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. పక్క మంచం మీద పడుకునే దోస్తు నంబరు ముందే రాసి పెట్టుకొని, వెంటనే అతనికి చేయండి. ఏం మాట్లాడాలో తోచకపోతే మన దగ్గర టెలీ మానస్ 14416 ఉంది. రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడతారు.