కుటుంబ షికారుకు తగిన సైకిల్

తీరిగ్గా తొక్కే సైకిల్‌కు వేగం కన్నా సౌకర్యం ముఖ్యం. నడుము వంగకుండా అందే హ్యాండిల్, వెడల్పాటి సీటు ఉండాలి. చీరతోనో చుడీదార్‌తోనో తొక్కేవారికి కిందికి వంగిన లేడీస్ ఫ్రేమ్, చైన్‌కు నిండు కవరు తప్పనిసరి.

సీటు ఎత్తు అంగట్లోనే సరిచూసుకోవాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. అలా అమరిస్తే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది, నొప్పి పుట్టదు. పిల్లలు ఎదుగుతారు కదా అని పెద్ద సైకిల్ కొనడం ప్రమాదకరం. సీటుపై కూర్చుంటే వాళ్ల పాదాలు నేలకు ఆనాలి.

తొక్కే దారిని బట్టి కూడా సైకిల్ ఎంచుకోవాలి. పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై లారీల రద్దీ ఎక్కువ. అది పిల్లలతో వెళ్లే దారి కాదు. దగ్గర్లోని కొల్లూరు నుంచి నార్సింగి వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023 అక్టోబరు 1న ప్రారంభమైన సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది. ఆ నున్నటి బాటకు ఖరీదైన గేర్లు, సస్పెన్షన్ అక్కర్లేదు. మంచి బ్రేకులు చాలు.